నలభై మీటర్ల తీగ

చాలా రోజుల తర్వాత మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. ఈసారి పద్యమూ కాదు, పుస్తక పరిచయమూ కాదు. రాగితీగ గురించి. సాహిత్యం కోసం ఇటు తొంగిచూసే మిత్రులు మన్నించాలి. మా మేనమామ గారి పత్తి గదిలో ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి మనసులో మెదులుతుండగా మరొకటి రాయడం నా వల్ల కావడం లేదు.

మావయ్య పొలం నరసరావుపేటకూ వినుకొండకూ నడుమ, ఊరికి రెండు కిలోమీటర్ల దూరాన ఉంది. నేను చెప్పబోయే కథ మొదలైనప్పుడు అది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా అయింది. నల్లరేగడి నేల. ఒకపక్క మిరప, ఒకపక్క పత్తి, గట్టు మీద పెద్ద వేపచెట్టు, దాని నీడలో రేకుల షెడ్డు, షెడ్డు ముందు కల్లం. పొలం మోటారుకు ఉచిత విద్యుత్తు వస్తుంది కానీ అది పగటి పూట తొమ్మిది గంటలే. ఆ తీగ నుంచి దీపానికి కలుపుకున్నా చీకటి పడ్డాక అందులో ఏమీ ఉండదు. రైతుకు దీపం కావలసిందేమో చీకటి పడ్డాకే.

మిరప సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. కాయ కోసిన తర్వాత కల్లంలో పరిచి, పొద్దున తిరగేసి, సాయంత్రం కుప్పజేసి, మంచు తగలకుండా పట్టా కప్పి, గింజ గలగలమనేదాకా ఆరబెడతారు. ఆ పది పదిహేను రోజులూ ఇంటిల్లిపాది ప్రాణాలూ కల్లంలోనే ఉంటాయి. రాత్రి దొంగల భయం, అకాల వర్షం భయం. టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు తోలేదాకా కుప్ప పక్కనే నులకమంచం. మావయ్య నలభై ఏళ్ళుగా అట్లాగే పడుకుంటున్నారు. మొదట హరికేను లాంతరు, తర్వాత టార్చిలైటు. ఆయనకు అరవై ఐదు దాటాక, చీకట్లో పట్టా సర్దబోయి ఒకసారి జారిపడ్డాక, అత్తయ్య నాకు ఫోను చేసింది. "నువ్వు కరెంటు చదువు చదివావుగా నాయనా, ఆ కల్లంలో నాలుగు బల్బులు వెలిగేటట్టు చూడకూడదూ" అని.

నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే. చేసేది మాత్రం హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఈ రెంటి మధ్యనున్న దూరం ఎంతో అప్పటికి నాకు తెలియదు.

2021 డిసెంబరులో సెలవు పెట్టి వెళ్ళాను. 150 వాట్ల ప్యానెలు ఒకటి, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి, చార్జి కంట్రోలరు, నాలుగు ఎల్ఈడీ దీపాలు, 12 వోల్టుల పంకా ఒకటి పట్టుకెళ్ళాను. ప్యానెలు ఎక్కడ పెట్టాలి? షెడ్డు మీద వేపచెట్టు నీడ. నలభై మీటర్ల అవతల పాత బోరు దగ్గర సిమెంటు గట్టు సిద్ధంగా ఉంది, నీడ లేదు. అక్కడే బిగించాను. ఇక తీగ. ప్యానెలు నుంచి షెడ్డుకు నలభై, తిరిగి ప్యానెలుకు నలభై, వెరసి ఎనభై మీటర్లు. కొత్త కేబులు కొంటే ప్యానెలుకు పెట్టిన డబ్బుకు ఇంచుమించు సమానమవుతోంది. అటక మీద చూస్తే, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఒకటిన్నర వైరు చుట్ట కనపడింది. దాన్నే లాగాను. షెడ్డు గోడ దాకా వచ్చి, చివరి నాలుగు మీటర్లకు చాలలేదు. పక్కనే పాత మోటారు సర్వీసు వైరు ముక్క ఉంది. అల్యూమినియం. రాగి కొసనూ అల్యూమినియం కొసనూ మెలిపెట్టి, నల్లటేపు చుట్టి, దూలానికి కట్టేశాను.

మావయ్య కింద నిలబడి చూస్తున్నారు. "ఆ సిల్వరు వైరు మోటారు కాడే మూడుసార్లు కాలింది రా అబ్బాయ్. మంచిది కొని ఎయ్యరాదూ?" అన్నారు. మా వైపు అల్యూమినియాన్ని సిల్వరనే అంటారు. నేను మెట్ల మీద నుంచే నవ్వాను. "అది 230 వోల్టులు మావయ్యా, ఇది 12. ముట్టుకున్నా ఏమీ కాదు" అని సెలవిచ్చాను.

ముట్టుకుంటే ఏమీ కాదన్నది నిజమే. ఆ నిజమే నన్ను ముంచింది. వోల్టేజి తక్కువైతే ప్రమాదమూ తక్కువేనని మనసుకు తోస్తుంది. కానీ అవే వాట్లు తక్కువ వోల్టేజితో రావాలంటే కరెంటు ఎక్కువ పారాలి. ఇంట్లో 60 వాట్ల పంకా పావు ఆంపియరు తీసుకుంటుంది. 12 వోల్టుల మీద అదే 60 వాట్లకు 5 ఆంపియర్లు కావాలి. తీగలో పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఇంటికి సరిపోయిన వైరు, పొలంలో అదే పనికి నాలుగు వందల రెట్లు ఎక్కువ నష్టాన్ని మోయాలి. ఇది మొదటి సంవత్సరం పాఠం. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

సంక్రాంతికి అంతా బాగానే ఉంది. చలికాలపు ఎండ, చల్లని ప్యానెలు, బలమైన వోల్టేజి. దీపాలు తెల్లవార్లూ వెలిగాయి. పండక్కి వచ్చిన చుట్టాలంతా కల్లం దాకా నడిచి వచ్చి చూసిపోయారు. నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

కల్లంలో మాత్రం కాయ లేదు. 2021-22లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడు మిరప వేసినవారెవరినడిగినా చెబుతారు. పూతలో దూరి పూత పూతంతా రాల్చేసింది. కొట్టని మందు లేదు. చాలామంది తోటలు పీకి దున్నేశారు. మావయ్య తోట పీకలేదు గానీ, వచ్చింది నాలుగు బస్తాల కాయ. కుప్పకు కాపలా కోసం దీపాలు పెట్టాం. కాపలా కాయడానికి కుప్పే లేకపోయింది.

మిగిలింది పత్తి. ఆ ఏడు పత్తికి ఎన్నడూ చూడని ధర వచ్చింది. మద్దతు ధర క్వింటాలుకు 6,025 రూపాయలుంటే బయటి మార్కెట్లో 10,000 దాకా పోయింది. ఇంకా పెరుగుతుందని చాలామంది అమ్మకుండా ఆపుకున్నారు. మావయ్య కూడా ఆపారు. మిరప మీద పెట్టిన అప్పంతా పత్తే తీర్చాలి. షెడ్డులో సగం గది దూలాల దాకా పత్తి నింపి ఉంది. ఆయన వయసు వారికి పత్తితో పాటు 1987 కూడా గుర్తొస్తుంది. ఆ ఏడాది తెల్లదోమ ఈ రెండు జిల్లాల పత్తినీ ఊడ్చిపెట్టిపోయింది. అప్పులపాలైన రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయారు. మావయ్య దాని గురించి మాట్లాడగా నేను వినలేదు. పత్తి గదికి తాళం వేసి, తాళాన్ని ఒకసారి లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసేవారు.

ఫిబ్రవరి ఆఖరుకు ఎండలు ముదిరాయి. దీపాలు అర్ధరాత్రికే ఆరిపోతున్నాయని కబురు. శనివారం మీటరు పట్టుకుని వెళ్ళాను. బ్యాటరీ పాడయిందనుకున్నాను, అమ్మిన కొట్టువాణ్ణి మనసులో నాలుగు తిట్టుకున్నాను కూడా. మిట్టమధ్యాహ్నం చూస్తే ప్యానెలు కొసల దగ్గర 17 వోల్టులు. షెడ్డులో కంట్రోలరు దగ్గర 13. పారుతున్నది 3 ఆంపియర్లు. 8 ఆంపియర్లు ఇవ్వగల ప్యానెలు అది.

ఎండకూ ప్యానెలుకూ ఒక పేచీ ఉంది. వెలుగు పెరిగితే కరెంటు పెరుగుతుంది, వేడి పెరిగితే వోల్టేజి తగ్గుతుంది. డిగ్రీకి సుమారు మూడింట ఒక శాతం. ప్యానెలు మీద రాసిన అంకెలన్నీ 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మా రెంటచింతల ఎండలో నల్లని ప్యానెలు 60 డిగ్రీలు దాటుతుంది. చలికాలంలో తీగ తిన్నది తినగా బ్యాటరీకి చాలినంత మిగిలింది. ఎండాకాలం వచ్చేసరికి ప్యానెలు తెచ్చే వోల్టేజీయే తగ్గింది. తీగ మాత్రం తన వాటా తగ్గించుకోలేదు.

బోరు గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు మీటరుకు 0.012 ఓము. అల్యూమినియం ముక్కతో సహా ఎనభై మీటర్లకు 3 ఆంపియర్ల దగ్గర పోవలసింది సుమారు 2.7 వోల్టులు. పోతున్నది 4. మిగిలిన 1.3 వోల్టులు ఎక్కడ పోతున్నాయి? కాగితం మీద ప్రశ్నార్థకం పెట్టి దాని చుట్టూ సున్నా చుడుతున్నాను, షెడ్డు వైపు నుంచి అత్తయ్య కేక వినపడింది.

టేపు కరిగి దూలం మీద నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ జిగురుకు అంటుకున్న దూది పింజలు కొన్ని గోధుమరంగుకు తిరిగాయి, కొన్ని నల్లబడ్డాయి. కింద పత్తి మీద పడిన ఒక పింజ అంచు వెంట ఎర్రటి చీమలాంటి నిప్పు కదులుతోంది. మంట లేదు. పత్తి నిప్పు మంటగా కనిపించదు. లోపల లోపల పాకుతుంది. అత్తయ్య ఆ చోట పత్తిని రెండు చేతులా తోడి బయటకు విసిరేసింది. నేను తీగ పీకాను. మావయ్య వచ్చేసరికి మేమిద్దరం కల్లంలో పరిచిన పత్తిని చేతులతో తడుముతున్నాం, ఇంకా ఎక్కడైనా వెచ్చగా ఉందేమోనని. సాయంత్రం దాకా ముగ్గురం గది మొత్తం ఖాళీ చేసి, మళ్ళీ నింపాం. పోయింది తట్టెడు పత్తి.

1.3 వోల్టులు, 3 ఆంపియర్లు. ఇంచుమించు 4 వాట్లు. పడకగది దీపమంత. కానీ అది చిటికెనవేలి గోరంత చోట, పైన టేపు దుప్పటి కప్పుకుని, రెండు నెలలు కూర్చుంది. అల్యూమినియానికి గాలి తగిలితే పైన సన్నటి ఆక్సైడు పొర పుడుతుంది, అది విద్యుత్తును పోనివ్వదు. రాగి పక్కన చేరి కాస్త తేమ తగిలితే ఇంకా త్వరగా చెడుతుంది. పగలు వేడికి సాగి, రాత్రి చలికి ముడుచుకుని, మెలి రోజురోజుకూ వదులవుతుంది. వదులైనకొద్దీ నిరోధం, నిరోధం కొద్దీ వేడి.

ఫ్యూజు లేదా అని అడుగుతారు. ఉంది. 15 ఆంపియర్లది, ఖరీదైనది. అది కాలదు, కాలవలసిన పనిలేదు. ఫ్యూజు చూసేది కరెంటు హద్దు దాటిందా అనే. పాడైన ముడి కరెంటును పెంచదు, తగ్గిస్తుంది. పైగా ప్యానెలు రెండు కొసలనూ నేరుగా కలిపినా, అది మామూలుగా ఇచ్చేదానికన్నా మహా అయితే పదోవంతు ఎక్కువ ఇస్తుంది. ఇంటి కరెంటుతో అలవాటైన మన బుద్ధికి ఇది ఎక్కదు. ఫ్యూజు కావలసింది బ్యాటరీ దగ్గర. బ్యాటరీ కొసలు కలిస్తే వందల ఆంపియర్లు విరుచుకుపడతాయి. అందుకే దాని ప్లస్సు కొసకు జానెడు దూరంలోనే, డీసీకి తగిన ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు దాకా వెళ్ళే ఆ జానెడు తీగకు మాత్రం ఏ కాపలా లేదు. దాన్ని ఎంత పొట్టిగా, ఎంత పదిలంగా ఉంచితే అంత మంచిది.

మావయ్య నన్ను ఏమీ అనలేదు. కాలిన ముడిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు. "మోకు తెగేది ముడి కాడే గదరా" అన్నారు, ఎడ్ల సంగతి చెప్పినంత మామూలుగా. తర్వాత ఇంకొక మాట అడిగారు. దానికి నా దగ్గర జవాబు లేదు. "అసలు ఆ డబ్బా అంత దూరాన ఎందుకు పెట్టావు?"

అక్కడ గట్టు ఉంది కాబట్టి. అంతే. ఎనభై మీటర్ల తీగకు ఏ మందం కావాలా అని తల బద్దలు కొట్టుకున్నానే గానీ, ఎనభై మీటర్లు ఎందుకు అని నేను అడగలేదు. మరునాడు మావయ్య గంటకొక పుల్ల చొప్పున వేపచెట్టు నీడ అంచున పాతుకుంటూ తిరిగారు. ఇప్పటి నీడ ఇంత, సంక్రాంతి నాటి నీడ ఇంకో రెండు బారలు పొడుగు అని చేత్తో కొలిచి చూపించారు. సాయంత్రానికి షెడ్డుకు తూర్పున పదిహేను మీటర్లలో, తొమ్మిది నుంచి నాలుగు దాకా ఏ కాలంలోనూ నీడ పడని చోటు దొరికింది. అక్కడ దక్షిణ ముఖంగా, 16 డిగ్రీల వాలులో స్టాండు పాతాం. మన అక్షాంశమూ అంతే కదా.

ఇంకో ప్యానెలు కూడా కొన్నాను. రెంటినీ వరుసగా, ఒకదాని ప్లస్సు రెండోదాని మైనస్సుకు కలిపితే వోల్టేజి 36కు పెరిగింది, కరెంటు 8 దగ్గరే ఆగింది. దానికి తగ్గ ఎంపీపీటీ కంట్రోలరు వేయాలి. అది ఎక్కువ వోల్టులను దించి, ఆ మేరకు బ్యాటరీకి ఎక్కువ ఆంపియర్లు ఇస్తుంది. రానూపోనూ ముప్పై మీటర్లు. ఆరు చదరపు మిల్లీమీటర్ల సోలారు కేబులుకు కిలోమీటరుకు 3.39 ఓములు. నష్టం 0.8 వోల్టు, 36లో రెండు శాతం పైచిలుకు. మూడు శాతం లోపు ఉంటే చాలునన్నది పెద్దలు పెట్టుకున్న హద్దు. పాత చోటనే, పాత 12 వోల్టుల లెక్కనే ఉండి ఉంటే ఈ ఆరు కేబులు కూడా చాలేది కాదు.

కేబులు కొనడానికి గుంటూరు పట్నం బజారుకు మావయ్య నాతో వచ్చారు. ఆయనకు తెలిసిన లెక్క పాత గేజీ లెక్క. "7/20 ఇవ్వు" అన్నారు కొట్టతనితో. ఏడు పోగులు, ఒక్కొక్కటి 20 గేజీది. ఈనాటి కొలతలో సుమారు 4.6 చదరపు మిల్లీమీటర్లు. కొట్టులో కుర్రవాడు 7/20 అనే మాట వినలేదు. వాడు "ఆరు ఎం.ఎం. సోలారు" అంటూ ఎర్రగా బొద్దుగా ఉన్న చుట్ట ఒకటి బల్ల మీద వేశాడు. ఎం.ఎం. అనే మాటతోనే తంటా. కొనేవాడు రాగి అడ్డుకోత వైశాల్యం అనుకుంటాడు. అమ్మేవాడు పైతొడుగు కలుపుకొని కేబులు లావు చెబుతాడు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల కేబులు కూడా పైతొడుగుతో కలిపి ఆరు మిల్లీమీటర్ల లావు ఉండవచ్చు.

మావయ్య దాన్ని ఒక చేత్తో లేపి చూసి, "కాటా ఉందా?" అన్నారు. నలభై ఏళ్ళు పత్తి అమ్మినవాడికి తూకం చెప్పనిది లేదు. పక్కనున్న పాత ఇనుప సామాన్ల కొట్టులో కాటా దొరికింది. నేను ఫోనులో లెక్క వేశాను. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వంద మీటర్లలో రాగి ఒక్కటే 5.4 కిలోలు ఉండాలి, తొడుగు బరువు కాక. ఆ చుట్ట తొడుగుతో కలిపి కూడా అంత తూగలేదు. కుర్రవాడు నొచ్చుకోకుండా దాన్ని లోపల పెట్టి, ఇంకొకటి తెచ్చాడు. దీని ఒంటి మీద మీటరు మీటరుకూ తయారీదారు పేరు, 1500 వోల్టుల డీసీ అన్న ముద్ర, ఐ.ఎస్. 17293 అన్న సంఖ్య ఉన్నాయి. అది 2020లో వచ్చిన మన దేశపు సోలారు కేబుళ్ళ ప్రమాణం. ఇంటి వైర్లకుండేది ఐ.ఎస్. 694. రెండోది చెడ్డదని కాదు, అది గోడలో ఉండవలసిన తీగ. దాని పీవీసీ తొడుగు 70 డిగ్రీలకు తయారైనది. ఎండలో పడేస్తే నాలుగైదేళ్ళకు పెళుసెక్కి పగులుతుంది. సోలారు కేబులు తొడుగు ఎండకు ఓర్చుకుంటుంది, 90 డిగ్రీలు తట్టుకుంటుంది.

ఒక కొస వొలిపించి చూశాను. లోపల సన్నని పోగులు, తెల్లగా. మావయ్య "ఇదీ సిల్వరేనా?" అని అనుమానపడ్డారు. కాదు, తగరం పూసిన రాగి. గీకితే ఎర్రగా బయటపడింది. మిరప పొలంలో తగరపు పూత ఒక వేడుక కాదు. బూడిద తెగులుకు మనం గంధకం కొడతాం. గంధకం తగిలిన ఒట్టి రాగి నల్లబడుతుంది, ఆ నల్లదనం కిందే ముడి చెడుతుంది.

ఇక ముళ్ళ సంగతి. ప్యానెళ్ళ వెనక వేలాడే నల్లటి జోళ్ళను ఎంసీ4 అంటారు. మల్టీ కాంటాక్ట్ అనే స్విట్జర్లాండు కంపెనీ పేరులోని పొడి అక్షరాలు, లోపలి పుల్ల మందం 4 మిల్లీమీటర్లు; అంతే ఆ పేరు. ఇవాళ ఎవరు చేసినా ఎంసీ4 అనే అమ్ముతారు. మన భాషలో వీటినేమనాలి? మావయ్య మొగ, ఆడ అని తేల్చేశారు. వడ్రంగులు కుసి, బెజ్జం అంటారు. నాకైతే 'సంధి' అనాలని ఉంది. రాగికి రాగి పరమైతే సవర్ణదీర్ఘం. రాగికి అల్యూమినియం పరమైతే ఏమవుతుందో చిన్నయసూరి చెప్పలేదు, నేను కళ్ళారా చూశాను. రెండు లోహాలనూ కలపక తప్పకపోతే దానికోసం చేసిన ద్విలోహపు లగ్గులున్నాయి. మెలిపెట్టడం మాత్రం సంధి కాదు.

ఎంసీ4లో రెండు చోట్ల మోసం జరుగుతుంది. మొదటిది, ఒక కంపెనీ మొగను ఇంకో కంపెనీ ఆడలో దూర్చడం. దూరుతుంది, టక్కుమంటుంది, బాగుందనిపిస్తుంది. లోపల లోహమూ కొలతా వెంట్రుకవాసి తేడా. ఆ వెంట్రుకవాసిలోనే నా 1.3 వోల్టులు కూర్చుంటాయి. ప్యానెలుతో వచ్చినది ఏ రకమో చూసి, దాని జత అదే రకంలో కొనాలి. లేకుంటే ప్యానెలు వైపుది కూడా కోసేసి, రెండూ ఒకే రకం బిగించాలి. రెండోది, పుల్లను తీగకు నొక్కడం. ఊళ్ళో కరెంటు పని చేసే కుర్రవాడు చాలా చురుకైనవాడు, అరగంటలో నాలుగూ కటింగ్ ప్లేయరుతో నొక్కి బిగించేశాడు. ఒక్కొక్కటీ పట్టుకుని లాగాను. నాలుగింట్లో రెండు ఊడి చేతికొచ్చాయి. దానికోసం వేరే నొక్కుడు కత్తెర ఉంటుంది. పుల్ల రెక్కలు రెండూ లోపలికి మడిచి, పోగుల్లోకి గుచ్చి, ఒక్క ముద్దలా చేస్తుంది. అది కొనడానికి నేను వెనకాడితే కుర్రవాడే అన్నాడు, "తీసుకోండి సార్, నేను కూడా వాడుకుంటా" అని. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పొలాల్లో పని ఉన్నప్పుడల్లా అది వాడి దగ్గరే ఉంటోంది.

ఇంకొకటి వాడికి చెప్పాను, ఇక్కడా చెబుతాను. ఎండ ఉండగా, కరెంటు పారుతుండగా ఈ జోళ్ళను ఊడదీయకూడదు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది, నిప్పురవ్వ పుట్టినా ఆరిపోవడానికి సందు దొరుకుతుంది. డీసీకి ఆ సందు లేదు, రవ్వ సాగి నిలబడుతుంది. గోడకు బిగించే మామూలు స్విచ్చులు డీసీకి పనికిరానిది ఇందుకే. మా 36 వోల్టులకే ఇంత జాగ్రత్త అయితే, పీఎం కుసుమ్ పథకం కింద 2019 నుంచి ఇస్తున్న సోలారు పంపుసెట్ల మాట చెప్పనక్కర లేదు. 5 హార్సుపవరు మోటారుకు 4,800 వాట్ల ప్యానెళ్ళు, అవన్నీ వరుసగా కలిపితే కొన్ని వందల వోల్టులు. అక్కడ ఎలుక కొరికిందని మెలిపెట్టి టేపు చుట్టేవారిని చూశాను. చూసి నోరు మూసుకుని రాలేకపోయాను, కొంచెం పెద్ద గొంతుతోనే మాట్లాడాను.

కొత్త తీగను పత్తి గది మీదుగా పోనివ్వలేదు. షెడ్డు బయటి గోడ వెంట గొట్టంలో తిప్పాం, గొట్టం రెండు కొసలూ ఎలుక దూరకుండా మూశాం. ప్యానెలు నుంచి కంట్రోలరు దాకా నడుమ ఎక్కడా ముడి లేదు. జోళ్ళు వాన నీళ్ళలో నానకుండా, నేల మీద పడకుండా స్టాండు కింద కట్టాం. బ్యాటరీకీ కంట్రోలరుకూ మధ్య మీటరు దూరం కూడా లేదు, అక్కడ 16 చదరపు మిల్లీమీటర్ల తీగ, నొక్కిన రాగి లగ్గులు. మొత్తం తీగకూ జోళ్ళకూ అయిన ఖర్చు, మొదట్లో నేను మిగిల్చాననుకున్న దానికన్నా తక్కువే. దూరం తగ్గింది కదా.

పత్తి మార్చిలో అమ్మారు. మిరప అప్పు తీరగా ఏం మిగిలిందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

మావయ్య దగ్గర మీటరు లేదు. పదిహేను రోజులకొకసారి మిట్టమధ్యాహ్నం వెళ్ళి, ప్రతి జోడునూ వేళ్ళతో పట్టుకుని చూస్తారు. పక్క తీగ ఎంత వెచ్చగా ఉందో జోడు అంతే ఉంటే సరే. ఇది నేను నేర్పింది కాదు. ఎద్దుకు జ్వరం వస్తే చెవి పట్టుకుని చూసినట్టే ఇదీ అంటారు. మొన్న బుధవారం ఫోను చేశారు. కుశల ప్రశ్నలన్నీ అయ్యాక, "రెండో డబ్బా కాడ మొగది కొంచెం వేడి తగుల్తా ఉందిరా. చెయ్యి కాలేంత కాదనుకో. అయినా చెబుతున్నా" అన్నారు. పొద్దు వాలేదాకా దాన్ని కదపొద్దన్నాను. నొక్కుడు కత్తెర కుర్రవాడి దగ్గరే ఉంది. కొత్త జోళ్ళు రెండు, అదే రకానివి, సంచిలో వేసుకున్నాను. శనివారం తెల్లవారుజామున బయలుదేరుతున్నాను.